బండి మీద రేడియో మొరాయిస్తే: తరచుగా అడిగే ప్రశ్నలు

బండికి ఎఫ్ఎం, బ్లూటూత్ ఉన్న సెట్టు బిగించుకున్నవాళ్ళు నన్ను అడిగేవి ఏడాది పొడవునా అవే. సెట్టు ఆన్ అవ్వట్లేదు, రైజ్ చేస్తే గుయ్‌మంటోంది, పొద్దున్నే సెల్ఫ్ తీసుకోవట్లేదు. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పేకన్నా ఒకచోట రాసి పెడితే పోతుందని రాస్తున్నా. నేను మెకానిక్‌ని కాదు. నా బండ్లు, చుట్టాల బండ్లు, మా వీధిలోవాళ్ళ బండ్లు విప్పి బిగించి నేర్చుకున్నదే ఇదంతా. ఇన్ని బండ్లలో సెట్టే నిజంగా పాడైనవి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు, మిగతావన్నీ పవర్ ఎక్కడ తీశారు, ఎర్త్ (కరెంటు బ్యాటరీ మైనస్‌కి తిరిగి వెళ్ళే వైరు) ఎక్కడ పెట్టారు అన్న దగ్గరే తేలాయి. ముందు వోల్టులు, ఆంపియర్లు కొలిచే మూడొందల మల్టీమీటర్ ఒకటి కొనుక్కోండి. అది లేకుండా సెట్లు మార్చుకుంటూ పోవడమంటే జ్వరం ఎంతుందో చూడకుండా మాత్రలు మింగడమే.

## కొనేముందు

నాది స్ప్లెండర్. రేడియో పెడితే బ్యాటరీ ఆగుతుందా?

బండి నడుస్తున్నప్పుడు వింటే ఆగుతుంది, ఆపి వింటే ఆగదు. డబ్బా మీద 500 వాట్లు, 1000 వాట్లు అని రాసి ఉంటుంది, దాన్ని పట్టించుకోకండి. సెట్టు వైరుకి ఉన్న ఫ్యూజు చూడండి. అది 5 ఆంపియర్లదైతే 12 ఇంటూ 5, అంటే 60 వాట్లకి మించి ఆ సెట్టు లాగే ప్రసక్తే లేదు. మామూలు వాల్యూంలో ఒక ఆంపియర్ అటూ ఇటూ తీసుకుంటుంది, నడుస్తున్న బండిలో కరెంటు పుట్టించే మ్యాగ్నెట్ కాయిల్ ఆ మాత్రం ఇవ్వగలదు. కానీ 100 సీసీ బండ్లలో బ్యాటరీ 3, 4 ఏహెచ్ (ఆంపియర్ అవర్, అంటే ఒక ఆంపియర్ చొప్పున 3, 4 గంటలు) మాత్రమే. చెట్టు కింద బండి ఆపుకుని గంటన్నర కామెంటరీ విన్నారంటే 3 ఏహెచ్‌లో సగం అయిపోయినట్టే, తర్వాత సెల్ఫ్ కొడితే ‘టిక్’ మని ఊరుకుంటుంది. పాత ఎలక్ట్రిక్ స్టార్ట్ క్లాసిక్ బుల్లెట్లలో 14 ఏహెచ్ బ్యాటరీ ఉండేది కాబట్టి వాళ్ళు కాస్త దర్జాగా కూర్చుని వినొచ్చు, కొత్తవాటిలో అదీ 8కి దిగింది.

మా నాన్నగారి పాత 6 వోల్టుల బండి ఉంది, దానికి ఈ సెట్టు పనిచేస్తుందా?

నేరుగా పెడితే పనిచెయ్యదు. వెలిగినా వెలక్కపోయినా ఒకటే, 12 వోల్టుల సెట్టుకి 6 చాలదు. 6ని 12 చేసే స్టెప్ అప్ కన్వర్టర్లు దొరుకుతాయి గానీ, 12 వోల్టుల దగ్గర ఒక ఆంపియర్ కావాలంటే 6 వైపు నుంచి రెండుకి పైనే లాగుతుంది, ఆ బండ్ల కాయిల్‌కి హెడ్‌లైట్ వెలిగించడమే కష్టం. నా మాట వింటే బండి వైరింగ్ జోలికి పోకుండా చార్జింగ్ పెట్టుకునే స్పీకర్ ఒకటి హ్యాండిల్‌కి కట్టుకోండి. ఇంకో మాట. పాత బ్రిటిష్ బండ్లు కొన్నిట్లో పాజిటివ్ ఎర్త్ ఉంటుంది, అంటే బాడీకి బ్యాటరీ ప్లస్ కలిపి ఉంటుంది. అలాంటి దాంట్లో సెట్టు ఇనప డబ్బా బాడీకి తగిలిందంటే అక్కడికక్కడే షార్ట్.

ఎలక్ట్రిక్ స్కూటర్‌కి పెట్టొచ్చా?

పెట్టొచ్చు, కానీ పెద్ద బ్యాటరీ ప్యాక్ దగ్గరికి మాత్రం చెయ్యి పెట్టొద్దు. అందులో 48, 60, 72 వోల్టులు ఉంటాయి. కొంతమంది ప్యాక్ మధ్యలో సెల్స్ లెక్కపెట్టి 12 వోల్టులు తీస్తున్నారు. దాంతో కొన్ని సెల్స్ ముందే ఖాళీ అయ్యి ప్యాక్ మొత్తం దెబ్బతింటుంది. లైట్లకి, హారన్‌కి 12 వోల్టులిచ్చే కన్వర్టర్ స్కూటర్‌లోనే ఉంటుంది, దాని మీద ఎన్ని ఆంపియర్లని రాసుందో చూసి, మిగులు ఉంటే చిన్న సెట్టు పెట్టుకోండి.

## వైర్లు కలిపేటప్పుడు

సెట్టుకి ఎరుపు, పసుపు రెండు వైర్లున్నాయి. రెండూ మెలేసి బ్యాటరీకి ఇచ్చేస్తే పోలా?

పోదు. ఈ రంగులు కారు స్టీరియోల నుంచి వచ్చాయి. పసుపు ఎప్పుడూ కరెంటు ఉండాల్సిన వైరు, స్టేషన్లు, టైము గుర్తుపెట్టుకోవడానికి. ఎరుపు కీ ఆన్ చేస్తేనే కరెంటు రావాల్సిన వైరు. రెండూ బ్యాటరీకి ఇస్తే కీ తీసినా సెట్టు మెలకువగానే ఉండి బ్యాటరీ తింటుంది. రెండూ కీకి ఇస్తే ప్రతిసారీ స్టేషన్లు మర్చిపోతుంది. ఈ రెండిట్లో ఒకటి ఎంచుకోవాల్సి వస్తే నేను మర్చిపోయే సెట్టునే ఎంచుకుంటా. నీలం వైరు కూడా ఉంటే అది బయటికి 12 వోల్టులిచ్చే వైరు, యాంటెన్నా బూస్టర్ కోసం. దానికి ఏమీ కలపకుండా కొసకి టేపు చుట్టి వదిలెయ్యండి, బాడీకి తగిలితే సెట్టు లోపల కాలుతుంది.

సెట్టు నల్ల వైరుని బండి నల్ల వైరుకే కలిపా, కీ ఆన్ చెయ్యగానే ఫ్యూజు ఠప్పుమంది. ఎందుకు?

మీది హోండానో, హీరోనో అయ్యుంటుంది. వాటిలో ఎర్త్ ఆకుపచ్చ వైరు, నలుపేమో కీ ఆన్ చేస్తే వచ్చే పాజిటివ్. సెట్టు నల్ల వైరు ఎర్త్, బండి నల్ల వైరు ప్లస్, సెట్టు ఇనప బాడీ ద్వారా ఆ రెండూ కలిశాయి. యమహాలో నలుపే ఎర్త్. అందుకే రంగు చూసి కలపొద్దు. మీటర్ డీసీ 20 వోల్టుల దగ్గర పెట్టి, నల్ల ప్రోబ్ బ్యాటరీ మైనస్‌కి ఆనించి, ఎర్ర ప్రోబ్‌తో ప్రతి వైరూ కీ ఆఫ్‌లో ఒకసారి, ఆన్‌లో ఒకసారి చూడండి. ఐదు నిమిషాల పని.

పవర్ ఎక్కడ్నుంచి తియ్యాలి? షాపులో హెడ్‌లైట్ వైరుకి తగిలించేశారు

నా మొదటి సెట్టు కథ ఇదే. బస్టాండు పక్కన ఒక యాక్సెసరీస్ షాపులో పది నిమిషాల్లో బిగించేసి, హెడ్‌లైట్ దగ్గర వైరు గీకి కలిపి, టేపు చుట్టి పంపించాడు. సాయంత్రం నుంచీ పాట వెనకాల ఒకటే గుర్రుమనే శబ్దం. సెట్టు బాలేదనుకుని మార్చా. రెండోది పదిహేను రోజులకి చచ్చిపోయింది. అప్పుడు తెలిసింది, నా బండి హెడ్‌లైట్‌కి వచ్చేది బ్యాటరీ కరెంటు కాదు, కాయిల్ నుంచి నేరుగా వచ్చే ఏసీ (దిశ మారుతూ ఉండే కరెంటు), సెట్టుకి కావాల్సిందేమో డీసీ. 2017 ఏప్రిల్‌లో హెడ్‌లైట్ ఎప్పుడూ వెలిగే రూలు రాకముందు 100, 125 సీసీ బండ్లలో ఇలాంటివి బోలెడు. ఇంజను స్టార్ట్ అయితే గానీ హెడ్‌లైట్ వెలగకపోవడం, రైజ్ చేస్తే వెలుగు పెరగడం, రెండూ కనిపిస్తే అనుమానించండి. మీటర్ ఏసీలో పెట్టి చూస్తే తేలిపోతుంది.

సరైన దారి బ్యాటరీ ప్లస్ నుంచి ఫ్యూజుతో ఒక వైరు విడిగా తెచ్చుకోవడం. మధ్యలో 12 వోల్టుల రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని ఆన్, ఆఫ్ చేసే స్విచ్) ఒకటి పెట్టాలి. రిలే కాళ్ళ దగ్గర నంబర్లుంటాయి. 30కి బ్యాటరీ నుంచి ఫ్యూజు దాటి వచ్చే వైరు, 87 నుంచి సెట్టుకి, 85కి ఎర్త్, 86కి కీ ఆన్ చేస్తే కరెంటు వచ్చే ఏదైనా వైరు, బ్రేక్ స్విచ్‌కి వచ్చేది తేలిగ్గా దొరుకుతుంది. దీంతో కీ తీస్తే రేడియో పూర్తిగా ఆగిపోతుంది, పాత కీ స్విచ్ మీదా బరువు పడదు. హారన్ వైరు నుంచి తీసినా నడుస్తుంది గానీ హారన్ కొట్టినప్పుడల్లా పాట తడబడుతుంది, మన రోడ్ల మీద హారన్ ఎంతసేపటికోసారి కొడతామో మీకు తెలుసు.

ఎర్త్ హ్యాండిల్ బోల్టుకి పెట్టా, సరిపోతుందా?

సరిపోదు. హ్యాండిల్‌కీ ఛాసిస్‌కీ మధ్య స్టీరింగ్ బేరింగులు, వాటి నిండా గ్రీజు ఉంటుంది, కొన్ని బండ్లలో రబ్బరు బుష్షులు కూడా. ఇవాళ బాగానే ఉంటుంది, గుంతలో పడగానే కరకరమంటుంది. ఛాసిస్‌కి పెట్టినా పెయింటు గీకకపోతే కరెంటు పోదు. బ్యాటరీ మైనస్ నుంచే నల్ల వైరు తెచ్చుకోండి, ఇంకో మీటరు వైరు ఖర్చు, అంతే.

ఫ్యూజు ఎంతది వెయ్యాలి, ఎక్కడ వెయ్యాలి?

చిన్న సెట్టుకి 3, విడిగా యాంప్లిఫయర్ ఉంటే 5 ఆంపియర్లు. బ్యాటరీ ప్లస్ నుంచి జానెడు దూరం లోపలే ఉండాలి. ఫ్యూజు సెట్టు దగ్గర పెట్టి, బ్యాటరీ నుంచి అక్కడిదాకా ట్యాంకు కిందుగా వచ్చిన వైరు రాసుకుని కోసుకుంటే ఆ ఫ్యూజు ఏం చేస్తుంది? వైరే ఎర్రగా కాలుతుంది, అదీ పెట్రోలు ట్యాంకు కింద. పోయిన ఫ్యూజుకి సిగరెట్ పెట్టెలో వెండి కాగితం చుట్టే అలవాటు ఇంకా పోలేదు, దయచేసి వద్దు.

## ఆన్ అవ్వకపోతే, ఆన్ అయి ఆగిపోతే

నిన్నటిదాకా బాగానే పాడింది, ఇవాళ లైటు కూడా రావట్లేదు

ఫ్యూజు తీసి మీటర్ బీప్ మోడ్‌లో (తెగకపోతే బీప్ అంటుంది) చూడండి, కంటికి బాగున్నట్టే ఉండి లోపల తెగినవి చాలా చూశా. అది బాగుంటే సెట్టు వెనక కప్లర్ (వైర్లన్నీ కలిసే ప్లగ్గు) ఊడదీసి, కీ ఆన్ చేసి, ఎరుపుకీ నలుపుకీ మధ్య వోల్టులు చూడండి. 12 పైన వస్తే సెట్టు వైపు చూడాలి. ఏమీ రాకపోతే ఎర్ర ప్రోబ్ కదపకుండా నల్ల ప్రోబ్ మాత్రం బ్యాటరీ మైనస్‌కి మార్చండి. ఇప్పుడు 12 వచ్చిందా, పోయింది ఎర్త్. ఇప్పటికీ రాలేదా, ప్లస్ వైరు ఎక్కడో తెగింది. ఈ ఒక్క పరీక్షతో సగం బండ్లు బాగుపడతాయి.

చిన్న వాల్యూంలో పాడుతుంది, పెంచితే ఆగిపోయి మళ్ళీ మొదట్నుంచి వస్తుంది

కరెంటు దారిలో ఎక్కడో ఇరుకుంది. తక్కువ లాగినప్పుడు తెలియదు, బేసు కొట్టినప్పుడు వోల్టేజీ పడిపోయి సెట్టు రీస్టార్ట్ అవుతుంది. వాల్యూం పెంచి, పాట నడుస్తుండగా బ్యాటరీ దగ్గర ఎంతుందో, సెట్టు దగ్గర ఎంతుందో కొలవండి. బ్యాటరీ దగ్గర 12.5, సెట్టు దగ్గర 11 వస్తే ఆ ఒకటిన్నర వోల్టులు మధ్యలో వైరు తినేస్తోంది. జుట్టంత సన్నటి వైరు, మెలేసి టేపు చుట్టిన జాయింటు, పచ్చపొడి పట్టిన కప్లర్, ఇవే దొంగలు. రెండు చోట్లా కలిసే పడిపోతుంటే మాత్రం బ్యాటరీకే వయసైపోయింది.

కరెంటు వెయ్యకుండా వైరుని బీప్ మోడ్‌లో చూసి ‘బానే ఉంది కదన్నా’ అంటారు. వందపోగుల్లో తొంభై తొమ్మిది తెగినా మీటర్ బీప్ అంటుంది, లోడు ఉన్నప్పుడు కొలవాలి.

సెల్ఫ్ కొట్టగానే రేడియో ఆగి మళ్ళీ ఆన్ అవుతోంది, ఏదైనా సమస్యా?

కాదు. సెల్ఫ్ మోటారు లాగే ఆ క్షణంలో వోల్టేజీ 10 దాకా పడిపోవడం మామూలే, సెట్టు ఓర్చుకోలేదు. 9.5 కన్నా కిందికి పోతుంటే బ్యాటరీ సంగతి చూడండి.

హ్యాండిల్ ఎడమకి తిప్పితే సౌండ్ పోతుంది, నేరుగా పెడితే వస్తుంది

వైరు లోపల రాగి తెగింది, పైన ప్లాస్టిక్ మాత్రం ఉంది. స్టీరింగ్ మెడ దగ్గర వైర్లు రోజుకి కొన్ని వందలసార్లు మడత పడతాయి, టైట్‌గా కట్టిన వైరు అక్కడే తెగుతుంది. ఇంజను ఆపి, పాట పెట్టి, హ్యాండిల్ కదపకుండా వైరుని ఒక్కో అంగుళం వేళ్ళతో నలుపుతూ పోండి, ఎక్కడ కరకరమంటే అక్కడే. ఆ ముక్క కోసేసి కొత్తది వెయ్యండి, హ్యాండిల్ రెండు వైపులా పూర్తిగా తిప్పినా వైరు లాగకుండా కాస్త వదులు ఉంచండి. సోల్డరింగ్ జాయింటు మాత్రం మడత పడేచోట వద్దు, టంకం గట్టిగా ఉండి దాని అంచు దగ్గరే మళ్ళీ తెగుతుంది.

కొత్త ఫ్యూజు వేసినప్పుడల్లా పోతోంది, పది ఫ్యూజులైపోయాయి

పదకొండోది వెయ్యకండి. ఫ్యూజు ఉండాల్సిన చోట 12 వోల్టుల ఇండికేటర్ బల్బు ఒకటి రెండు వైర్లతో కలపండి. షార్ట్ ఉన్నంతసేపు బల్బు ఫుల్లుగా వెలుగుతుంది, వైరు కాలదు, ఫ్యూజు ఖర్చూ లేదు. ఇప్పుడు సెట్టు కప్లర్ ఊడదీయండి. బల్బు ఆరితే షార్ట్ సెట్టులోనో స్పీకర్ వైర్లలోనో ఉంది. ఆరకపోతే బ్యాటరీ నుంచి వచ్చే వైరుని కదుపుతూ రండి, ఏ చోట కదిపితే బల్బు ఆరుతుందో అక్కడ టేపు విప్పి చూడండి. నాకైతే ఎక్కువసార్లు సీటు తాళం కింద నలిగిన చోటో, ట్యాంకు ముందు బోల్టు దగ్గరో దొరికింది.

లైటు వస్తోంది, స్టేషన్ నంబరు కనిపిస్తోంది, శబ్దం మాత్రం లేదు

స్పీకర్ వైర్లు సెట్టు నుంచి విప్పి, టీవీ రిమోట్‌లో వేసే 1.5 వోల్టుల సెల్లు వాటికి ఒక్క క్షణం తాకించండి. ‘టప్’ మంటే స్పీకర్ బతికే ఉంది. అలా అనకపోతే స్పీకరో, దాని వైరో పోయింది. స్పీకర్ బాగుండి కూడా శబ్దం లేకపోతే, స్పీకర్ మైనస్ వైరుని ఎవరైనా బాడీకి ఎర్త్ చేశారేమో చూడండి. పాత టేప్ రికార్డర్ల రోజుల్లో అలా చేసేవాళ్ళు. ఇప్పటి యాంప్లిఫయర్లలో చాలావాటికి రెండు వైర్లలోనూ సిగ్నల్ ఉంటుంది, ఏదీ బాడీకి తగలకూడదు. తగిలితే సెట్టు తనంతట తాను నోరు మూసుకుంటుంది, అదృష్టం బాగోకపోతే శాశ్వతంగా.

## గోల, సిగ్నల్

రైజ్ చేసేకొద్దీ గుయ్యి... మని శబ్దం పెరుగుతోంది

ముందు ఒక్క పని చెయ్యండి. బ్లూటూత్‌లో పాట పెట్టి అదే స్పీడులో రైజ్ చెయ్యండి. బ్లూటూత్‌లో కూడా గోల వస్తే అది కరెంటు వైర్ల ద్వారా వస్తోంది. ఎఫ్ఎంలో మాత్రమే వస్తే గాలిలోంచి యాంటెన్నాకి అంటుకుంటోంది. చాలామంది ఈ తేడా చూడకుండా కనిపించిన ఫిల్టరల్లా కొంటారు.

వైర్ల ద్వారా వస్తుంటే ఎర్త్ తీసి నేరుగా బ్యాటరీ మైనస్‌కి పెట్టండి, సగం కేసులు అక్కడే సర్దుకుంటాయి. ఇంకా ఉంటే సెట్టుకి దగ్గరగా ప్లస్, మైనస్ మధ్య 2200 మైక్రోఫారడ్, 25 వోల్టుల కెపాసిటర్ వెయ్యండి. హైదరాబాద్ కోఠిలో ఎలక్ట్రానిక్స్ సామాను అమ్మే కొట్లలో చిల్లర డబ్బులకి వస్తుంది. గీత ఉన్న కాలు మైనస్‌కి, తిరగేస్తే పేలుతుంది, సరదాకి చెప్పట్లేదు. అప్పటికీ పోకపోతే ప్లస్ వైరులో చోక్ కాయిల్ ఉన్న ఫిల్టర్. ఇవన్నీ వేసినా గోల అలాగే ఉందంటే బ్యాటరీ ముసలిదైపోయి ఉండొచ్చు. కాయిల్ నుంచి వచ్చే ఎగుడుదిగుడు కరెంటుని చదును చేసేది బ్యాటరీయే.

ఎఫ్ఎంలో టకటకటక అని వస్తోంది, ఇంజను ఆపితే ఆగిపోతుంది

అది ఇంజను స్పార్క్ ప్లగ్‌లో నిప్పురవ్వ శబ్దం. ప్రతి రవ్వా ఒక చిన్న రేడియో స్టేషనే. ప్లగ్ నంబరులో ‘ఆర్’ అక్షరం ఉందో లేదో చూడండి, ఉంటే అది ఈ గోల తగ్గించే రెసిస్టర్ ప్లగ్. చవగ్గా వస్తోందని ఆర్ లేనిది వేసినవాళ్ళకే ఈ బాధ ఎక్కువ. ప్లగ్ క్యాప్ కూడా చూడండి, రెసిస్టర్ ఉన్న క్యాప్‌ని మీటర్‌తో కొలిస్తే 5 కిలో ఓముల దగ్గర చూపిస్తుంది. క్యాప్ పగిలితే వానాకాలంలో చీకట్లో చూడండి, నీలంగా రవ్వలు బయటికే కొడుతుంటాయి. తర్వాత యాంటెన్నా వైరుని ప్లగ్ వైరుకి వీలైనంత దూరంగా లాగండి.

మొబైల్ చార్జింగ్ పెడితేనే ఎఫ్ఎం చెడిపోతోంది

చవక యూఎస్‌బీ చార్జర్ 12ని 5 వోల్టులు చెయ్యడానికి కరెంటుని సెకనుకి వేలసార్లు ఆన్, ఆఫ్ చేస్తుంది, ఆ హడావుడి ఎఫ్ఎంలో బుస్సుమంటూ వినిపిస్తుంది. చార్జర్ పీకి చూడండి, పోతే దొంగ దొరికినట్టే. బయట కొని వేసిన ఎల్ఈడీ హెడ్‌లైట్ బల్బులూ ఇదే పని చేస్తాయి, లైటు ఆపి చూస్తే తెలుస్తుంది. చార్జర్ వైరు మీద ఫెర్రైట్ ముక్క బిగిస్తే కొంత తగ్గుతుంది, మంచి చార్జర్ కొంటే ఇంకా తగ్గుతుంది. ఆక్స్ వైరు (ఫోను నుంచి సెట్టుకి పాట తెచ్చేది), చార్జింగ్ వైరు రెండూ ఒకేసారి ఫోనుకి పెడితే వచ్చే గోల వేరు, అది రెండు ఎర్త్ దారులు కలవడం వల్ల. ఆక్స్ మానేసి బ్లూటూత్‌కి మారండి.

ఊరు దాటగానే స్టేషన్ పోతోంది, వైరింగ్ లోపమా?

విజయవాడ హైవే మీద హైదరాబాద్ 101.9 వింటూ బయల్దేరితే సూర్యాపేట దాకా అది మీతో రావాలనుకోవడం అత్యాశ. ఎఫ్ఎం చూపు మేర వెళ్ళే సిగ్నల్, దానికి మన వైరింగ్‌తో పని లేదు. ఊళ్ళోనే సరిగ్గా రాకపోతే మాత్రం యాంటెన్నా చూడండి. 100 మెగాహెర్ట్జ్ దగ్గర తరంగం పొడవు 3 మీటర్లు, అందులో నాలుగో వంతు 75 సెంటీమీటర్లు. ఆ పొడవు వైరు నిటారుగా, ఇనుముకి దూరంగా ఉంటే చాలు. అందం కోసం చుట్ట చుట్టి ట్యాంకు కింద దోపితే రాదు.

డల్లాస్ నుంచి మా బావ సెట్టు పంపించాడు, 98.3 వస్తోంది గానీ 102.8 దొరకట్లేదు, పాడైందా?

భలే ప్రశ్న, నేనూ మొదటిసారి బుర్ర గోక్కున్నా. సెట్టు బంగారంలా ఉంది. అమెరికాలో స్టేషన్లు 0.2 చొప్పున, అన్నీ బేసి అంకెతో ముగుస్తాయి, 98.1, 98.3, 98.5 ఇలా. అందుకని సెట్టు 102.7 నుంచి 102.9కి దూకేస్తుంది, మన వివిధ భారతి మధ్యలో ఉండిపోయింది. విజయవాడ వాళ్ళకి 102.2 కూడా ఇలాగే తప్పిపోతుంది. సెట్టింగ్స్‌లో రీజియన్ అని ఉంటుంది, యూరప్ అనో, ఆసియా అనో పెడితే అడుగులు చిన్నవవుతాయి. జపాన్ సెట్లతో ఇంకో తంటా, వాళ్ళ ఎఫ్ఎం 76 దగ్గర మొదలై మన బ్యాండ్ సగానికి ముందే ఆగిపోతుంది, పాత సెట్లయితే 90 దాటవు.

## బ్యాటరీ, వాన, ఎండ

రెండు రోజులు బండి తియ్యకపోతే సెల్ఫ్ తీసుకోవట్లేదు. రేడియోనే కారణమా?

కొలిస్తే తెలుస్తుంది. కీ తీసేసి, బ్యాటరీ మైనస్ వైరు విప్పి, ఆ వైరుకీ టెర్మినల్‌కీ మధ్య మీటర్‌ని 10 ఆంపియర్ల రంధ్రంలో పెట్టి కొలవండి. ఆ సమయంలో కీ ఆన్ చెయ్యొద్దు, సెల్ఫ్ అసలే నొక్కొద్దు, మీటర్ పాడవుతుంది. 20 మిల్లీ ఆంపియర్లు చూపిస్తే రోజుకి 0.48 ఏహెచ్ పోతున్నట్టు, 3 ఏహెచ్ బ్యాటరీ ఆరు రోజుల్లో ఖాళీ. 50 చూపిస్తే రెండున్నర రోజులు. ఇప్పుడు రేడియో ఫ్యూజు పీకి మళ్ళీ చూడండి, అంకె సున్నా దగ్గరికి వస్తే దొంగ రేడియోనే, కీ మీద నడిచే రిలే పెట్టించుకోండి. అంకె కదలకపోతే పాపం రేడియోని తిట్టకండి, చార్జరో, అలారమో ఇంకేదో ఉంది.

ఏమీ లాగకపోయినా బ్యాటరీ దిగిపోతుంటే చార్జింగ్ చూడాలి. రాత్రంతా వదిలేసిన మంచి బ్యాటరీ 12.6 వోల్టుల పైన ఉండాలి. ఇంజను కాస్త రైజ్ చేసి పట్టుకుంటే 13.8 నుంచి 14.5 మధ్య రావాలి. 13 దాటట్లేదంటే కాయిలో, ఆర్ఆర్ యూనిటో (కాయిల్ కరెంటుని డీసీ చేసి వోల్టేజీ అదుపు చేసే రెగ్యులేటర్) చూపించుకోండి.

బ్యాటరీ చచ్చింది, తీసేసి కిక్ మీద నడుపుతున్నా. రేడియో కూడా పాడుతోంది, పర్లేదా?

పర్లేదు కాదు, ఇవాళే ఆపండి. బ్యాటరీ లేకపోతే రైజ్ చేసినప్పుడు వచ్చే వోల్టేజీని మింగేవాళ్ళు లేరు, రెగ్యులేటర్ ఒక్కటే దాన్ని చక్కగా పట్టలేదు. చవక సెట్లలో కెపాసిటర్లు 16 వోల్టులకే తయారైనవి ఉంటాయి, ఉబ్బిపోతాయి. బ్యాటరీ ఉన్నా కూడా రైజ్ చేస్తే 15 దాటుతుంటే ఆర్ఆర్ యూనిట్ పోయిందన్నమాట, అది మార్చేదాకా రేడియో ఫ్యూజు తీసి జేబులో వేసుకోండి.

వానలో తడిసింది, ఇప్పుడు తనంతట తానే వాల్యూం పెరుగుతోంది

బటన్ల కింద నీళ్ళు చేరాయి. ఫ్యూజు పీకెయ్యండి, అది మొదటి పని, ఎందుకంటే నీళ్ళకన్నా నీళ్ళలో కరెంటే ఎక్కువ నాశనం చేస్తుంది. సెట్టు విప్పి, మూత తీసి, ఫ్యాన్ గాలికి రెండు రోజులు వదలండి. బియ్యం డబ్బాలో పెట్టడం వల్ల ఒరిగేదేమీ లేదు, బియ్యం దుమ్ము లోపలికి పోవడం తప్ప. పచ్చపొడి కనిపిస్తే కాంటాక్ట్ క్లీనర్ కొట్టి పాత టూత్ బ్రష్‌తో రుద్దండి. విశాఖ, మచిలీపట్నం లాంటి సముద్రం పక్క ఊళ్ళలో వాన లేకపోయినా ఉప్పుగాలికి కప్లర్లు పచ్చబడతాయి, టెర్మినళ్ళకి కాస్త వ్యాజిలీన్ పూస్తే ఆగుతుంది. వాటర్ సర్వీసింగ్‌కి ఇచ్చేటప్పుడు సెట్టు మీద కవరు కట్టి, ప్రెషర్ గన్ అటు పెట్టొద్దని అబ్బాయికి చెప్పండి. వానకన్నా దానివల్లే ఎక్కువ పోతాయి.

మధ్యాహ్నం ఎండలో అరగంటకి ఆగిపోతుంది, సాయంత్రం బానే ఉంటుంది

యాంప్లిఫయర్ వేడెక్కి తనని తాను ఆపుకుంటోంది. మే నెలలో ఎండలో నిలబెట్టిన బండి మీద నల్ల డబ్బా, దాని లోపల ఐసీ, ఇంకేం చేస్తుంది పాపం. వాల్యూం తగ్గించండి, నీడలో ఆపండి, సెట్టుని ఇంజనుకి దూరంగా జరపండి. ఫ్యూజో వైరో చెయ్యి పెడితే కాలుతుంటే మాత్రం అది ఎండ కాదు, వదులు జాయింటు.

రేడియో పెట్టించానని షోరూంలో వారంటీ లేదంటున్నారు

అసలు వైరింగ్ గీకి, కోసి ఉంటే వాళ్ళతో వాదించడం కష్టం. బ్యాటరీ నుంచి విడి వైరు, విడి ఫ్యూజు, రిలే పెట్టుకుని ఉంటే సర్వీసింగ్‌కి ముందు ఐదు నిమిషాల్లో ఊడదీసి ఇవ్వొచ్చు, నేనదే చేస్తా.

ఇవన్నీ చూశా, ఇంకా పాడట్లేదు. సెట్టే పోయిందని ఎలా తేల్చుకోవాలి?

బండి నుంచి సెట్టు పూర్తిగా విప్పి బల్ల మీద పెట్టండి. ఫుల్లుగా చార్జింగ్ ఉన్న వేరే 12 వోల్టుల బ్యాటరీ, 3 ఆంపియర్ల ఫ్యూజు, వేరే 4 ఓముల స్పీకర్, జానెడు వైర్లు. పసుపు, ఎరుపు రెండూ ప్లస్‌కి, నలుపు మైనస్‌కి. ఇక్కడ పాడితే సెట్టు బానే ఉంది, బండికి వెళ్ళి మళ్ళీ వెతకాలి. ఇక్కడా పాడకపోతే బిల్లు తీసుకుని కొన్న షాపుకి వెళ్ళండి.